న్యూయార్క్‌లో అద్దె బకాయి పడితే సిటీ నుంచి అత్యవసర సాయం తీసుకోవడం ఎలా: అద్దెదారులకు, ఇంటి ఓనర్లకు

న్యూయార్క్ సిటీలో అద్దెకు ఉంటూ, ఉద్యోగం పోయో, ఆసుపత్రి ఖర్చు మీద పడో రెండు మూడు నెలల అద్దె కట్టలేకపోయిన మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆ అద్దె మీద ఆధారపడి మార్ట్‌గేజ్ కట్టుకుంటున్న చిన్న ఓనర్ల కోసం కూడా. ఇద్దరికీ కలిపి ఎందుకంటే, సిటీ ఇచ్చే డబ్బు ఇద్దరి కాగితాలూ చేరాకే కదులుతుంది. అద్దెదారు ఎంత తిరిగినా, ఓనర్ వైపు నుంచి రావాల్సిన రెండు మూడు కాగితాలు రాకపోతే ఫైలు ఎక్కడిదక్కడే ఉంటుంది. చాలా ఇళ్లలో కేసు చెడిపోయేది ఇక్కడే.

ముందు ఒక అపోహ తీసేద్దాం. కరోనా సమయంలో వచ్చిన అద్దె సాయం ఇప్పుడు లేదు. అమెరికా ప్రభుత్వం దాని కోసం 2020 డిసెంబర్‌లో 2,500 కోట్ల డాలర్లు, 2021 మార్చిలో మరో 2,155 కోట్ల డాలర్లు కేటాయించింది. న్యూయార్క్ రాష్ట్రం ఆ డబ్బుతో నడిపిన ‘ఈరాప్’ అనే అత్యవసర అద్దె సాయ పథకం 2021 జూన్ 1న మొదలై 2023 జనవరిలో దరఖాస్తులు తీసుకోవడం ఆపేసింది. రెండో విడత డబ్బు ఖర్చు పెట్టడానికి ఇచ్చిన గడువు కూడా 2025 సెప్టెంబర్ 30తో ముగిసింది. కాబట్టి ‘ఈరాప్‌లో పెట్టిస్తాం, 200 డాలర్లు ఇవ్వండి’ అని వాట్సాప్ గ్రూపుల్లో ఎవరైనా అడిగితే అది మోసమే. అద్దె సాయం దరఖాస్తులకు ఎక్కడా ఫీజు ఉండదు.

ఇప్పుడు ఉన్నది సిటీ సొంతంగా నడిపే అత్యవసర సాయం. అందరూ దాన్ని ‘వన్ షాట్ డీల్’ అనే పిలుస్తారు. దీన్ని చూసేది హ్యూమన్ రిసోర్సెస్ అడ్మినిస్ట్రేషన్, అంటే హెచ్‌ఆర్‌ఏ. పాత అద్దె బకాయికి ఇస్తారు, కరెంటు, గ్యాస్ బిల్లుల బకాయికి ఇస్తారు, కొన్ని సందర్భాల్లో ఇల్లు మారే ఖర్చుకూ ఇస్తారు. అద్దె డబ్బు మీ చేతికి రాదు, నేరుగా ఓనర్‌కు వెళ్తుంది. పరిస్థితిని బట్టి కొంతో మొత్తమో తర్వాత తిరిగి కట్టమని అడగవచ్చు కూడా.

ఇదంతా న్యూయార్క్ సిటీ ఐదు బరోలకు, అంటే క్వీన్స్ లాంటి ఐదు విభాగాలకు మాత్రమే. నది అవతల జెర్సీ సిటీలోనో, ఎడిసన్‌లోనో ఉంటే అక్కడి కౌంటీ, రాష్ట్ర నియమాలు వేరు. అక్కడివాళ్లు ఇందులో గడువులు, ఫోన్ నంబర్లు వదిలేసి, కాగితాల పద్ధతి మాత్రం వాడుకోవచ్చు.

మొదటి పని: అద్దె ఆగిన వారంలోనే ఓనర్‌తో మాట్లాడండి

మనవాళ్లలో ఎక్కువమంది చేసేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. పరువు పోతుందని ఫోన్ ఎత్తరు. వచ్చే నెల సర్దుకుంటుందిలే అని ఊరుకుంటారు. ఓనర్ కూడా తెలుగువాళ్లే అయితే మొహమాటం ఇంకా ఎక్కువ. దయచేసి అలా చేయకండి. ఫోన్‌లో మాట్లాడాక అదే విషయం ఒక ఈమెయిల్‌గానో మెసేజ్‌గానో రాసి పంపండి: ఏ నెల అద్దె ఆగింది, ఎందుకు ఆగింది, ఎప్పటి నుంచి మళ్లీ కట్టగలరు, సిటీ సాయానికి పెట్టుకుంటున్నారు, దానికి ఓనర్ నుంచి కొన్ని కాగితాలు కావాలి. అంతే, నాలుగైదు లైన్లు చాలు. రేపు హెచ్‌ఆర్‌ఏ ఇంటర్వ్యూలో, కోర్టులో మీరు నిజాయితీగా ప్రయత్నించారని చూపించడానికి ఆ మెయిల్ పనికొస్తుంది.

సగం అద్దె చేతిలో ఉంటే అది కట్టి రసీదు తీసుకోండి. నగదు ఇస్తే రసీదు అడగడం మీ హక్కు, న్యూయార్క్ చట్టం ప్రకారం ఓనర్ ఇచ్చి తీరాలి. జెల్ అనే బ్యాంకు చెల్లింపు పద్ధతిలో పంపితే ఏ నెల అద్దెకో ఆ మెమోలో రాయండి.

వచ్చే కాగితాలను గుర్తుపట్టండి

అద్దె ఐదు రోజులు దాటితే ఓనర్ సర్టిఫైడ్ మెయిల్‌లో ఒక గుర్తుచేసే ఉత్తరం పంపాలి. అది చూసి టెన్షన్ పడక్కర్లేదు. తర్వాత వచ్చేది 14 రోజుల గడువుతో రాతపూర్వకమైన ‘రెంట్ డిమాండ్’. అందులో ఎంత బాకీ, ఏ ఏ నెలలకు అని రాసి ఉంటుంది. వన్ షాట్ డీల్ దరఖాస్తు మొదలుపెట్టడానికి నా దృష్టిలో ఇదే సరైన సమయం. కోర్టు కేసు పడేదాకా ఆగాలని చాలామంది అనుకుంటారు, ఆగక్కర్లేదు.

ఆ 14 రోజుల్లో డబ్బు అందకపోతే ఓనర్ హౌసింగ్ కోర్టులో కేసు వేయవచ్చు. అప్పుడు మీకు ‘నోటీస్ ఆఫ్ పిటిషన్’, ‘పిటిషన్’ అనే రెండు కాగితాలు వస్తాయి. తలుపుకు అంటించి కూడా వెళ్లవచ్చు. అద్దె బకాయి కేసులో ఆ కాగితాలు అందిన 10 రోజుల్లోపు మీరు కోర్టుకు జవాబు ఇవ్వాలి. ఇక్కడ అశ్రద్ధ చేస్తే మీరు లేకుండానే తీర్పు వచ్చేస్తుంది. జవాబు కోసం లాయర్ రాసిన పెద్ద పత్రం అవసరం లేదు, కోర్టు క్లర్క్ దగ్గరికి వెళ్లి నోటితో చెప్పినా రాసుకుంటారు. క్వీన్స్‌లో ఉండేవాళ్లకు ఆ కోర్టు జమైకా అనే పేటలో, సట్‌ఫిన్ బూలవార్డ్ మీద ఉంది. ఇంట్లో హీటింగ్ రాకపోవడం, నీళ్లు కారడం లాంటి మరమ్మతుల సమస్యలుంటే అవి కూడా ఆ జవాబులోనే చెప్పాలి.

ఇంటి ఓనర్ తనంతట తాను తాళం మార్చడం, సామాను బయట పెట్టడం నేరం. 30 రోజులకు మించి ఆ ఇంట్లో ఉన్నవాళ్లను కోర్టు ఉత్తర్వు లేకుండా ఎవరూ బయటికి పంపలేరు. ఉత్తర్వు వచ్చాక కూడా పంపగలిగేది కోర్టు ఉత్తర్వులు అమలుచేసే అధికారులు, అంటే మార్షల్ లేదా షెరిఫ్ మాత్రమే, అదీ 14 రోజుల ముందు నోటీసు ఇచ్చాకే. లీజులో పేరు లేకపోయినా, వీసా ఏదైనా ఈ రక్షణ ఉంటుంది. తాళం మార్చేస్తే 911కు ఫోన్ చేయండి.

ఈ సాయం ఎవరికి వస్తుంది

హెచ్‌ఆర్‌ఏ ప్రధానంగా చూసేది మూడు విషయాలు. బకాయి పడటానికి మీ చేతిలో లేని కారణం ఏదైనా ఉందా? ఇప్పుడు సాయం చేయకపోతే ఇల్లు పోతుందా? సాయం చేస్తే ఇకముందు అద్దె మీరే కట్టుకోగలరా? మొదటి రెండూ చాలామంది బాగానే చెబుతారు. దరఖాస్తు తిరిగొచ్చేది ఎక్కువగా మూడో ప్రశ్న దగ్గర.

మీ అద్దె నెలకు 2,400 డాలర్లు అనుకుందాం. ఉద్యోగం పోయి, ఇప్పుడు దొరికిన కొత్త పనిలో చేతికి 2,600 వస్తోంది. తిండికి, ప్రయాణానికి పోగా అద్దె ఎలా కడతారని అడుగుతారు. ‘ఎలాగోలా కడతాం’ అంటే కుదరదు. తమ్ముడు నెలకు 800 ఇస్తాడంటే, ఆ తమ్ముడు రాసిన ఉత్తరం, అతని ఐడీ, అతని పే స్టబ్బులు జత చేయాలి. భార్యకు పని మొదలవుతోందంటే ఆఫర్ లెటర్ పెట్టాలి. ఒక గదిని ఇంకొకరికి ఇస్తున్నారంటే ఆ మనిషి నుంచి కాగితం కావాలి. అసలు ఆ ఇంటి అద్దె మీ కొత్త ఆదాయానికి ఏ విధంగానూ సరిపోదంటే, బకాయి తీర్చడం కన్నా చిన్న ఇంటికి మారడానికి సాయం అడగడం మేలు. ఇది వినడానికి బాధగా ఉంటుంది కానీ, ఆరు నెలల తర్వాత మళ్లీ కోర్టుకు వెళ్లడం కంటే నయం.

ఇక వీసా సంగతి. అమెరికా పౌరులు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు, శరణార్థులుగా గుర్తింపు పొందినవాళ్లు అడగవచ్చు. హెచ్-1బీ, ఎఫ్-1, హెచ్-4 మీద ఉన్నవాళ్లకు తమ పేరు మీద ఇది సాధారణంగా రాదు. ఇంట్లో ఇక్కడే పుట్టిన పిల్లలు ఉంటే పిల్లల తరఫున దరఖాస్తు పెట్టే దారి ఉంటుంది. కానీ గ్రీన్ కార్డ్ ప్రక్రియ నడుస్తున్నప్పుడు అలా పెట్టే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడిగి తీరాలి. తల్లిదండ్రులను ఐ-864 (పోషణ బాధ్యత తీసుకునే స్పాన్సర్ పత్రం) సంతకం చేసి తెచ్చుకున్న పిల్లలు కూడా అంతే, తల్లిదండ్రుల పేరు మీద సాయం తీసుకుంటే స్పాన్సర్‌గా మీ మీద పడే బాధ్యత ఏమిటో ముందే తెలుసుకోండి. సిటీ సహాయ నంబర్ 311కు ఫోన్ చేసి ఉచిత ఇమ్మిగ్రేషన్ న్యాయసాయం కావాలంటే కలుపుతారు. ఈ విషయంలో స్నేహితుల మాట మీద నడవకండి.

వీసా వల్ల వన్ షాట్ రాకపోయినా హౌసింగ్ కోర్టులో లాయర్ మాత్రం దొరికే అవకాశం ఉంది. దాని గురించి కింద చెబుతాను.

అద్దె లెక్క కాగితం: అసలు పని ఇక్కడుంది

దరఖాస్తు తెరవడానికి ముందే ఒక కాగితం సిద్ధం చేసుకోవాలి. ఇంగ్లిష్‌లో ‘రెంట్ లెడ్జర్’ అనో ‘రెంట్ బ్రేక్‌డౌన్’ అనో అంటారు. నెలవారీగా ఎంత అద్దె పడింది, ఎంత కట్టారు, ఎంత మిగిలింది అనే పట్టిక. దీన్ని ఓనరే ఇవ్వాలి, సంతకం చేసి, తేదీ వేసి. మీరు ముందుగా మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టుకుని సొంత పట్టిక ఒకటి రాసుకోండి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి లైను లైనుగా సరిచూడండి.

ఏం తేడాలు వస్తాయో చూడండి. మార్చిలో మీరు 1,000 కట్టారు, ఓనర్ దాన్ని ఫిబ్రవరి బకాయికి జమ వేసుకున్నారు. మీ లెక్కలో మార్చి బాకీ 1,400, ఆయన లెక్కలో 2,400. మొత్తం ఒకటే అయినా నెలలు వేరు. ఫైలు చూసే ఉద్యోగికి ఇద్దరూ రెండు కథలు చెప్పినట్టు కనిపిస్తుంది. ఇంకో తేడా లేట్ ఫీజు. చాలామంది ఓనర్లు నెలకు 100, 150 అని లెడ్జర్‌లో కలిపేస్తారు. న్యూయార్క్ చట్టంలో లేట్ ఫీజు 50 డాలర్లు లేదా నెల అద్దెలో 5 శాతం, వీటిలో ఏది తక్కువైతే అంతకు మించకూడదు. పైగా అద్దె బకాయి కేసులో కోర్టు తీర్పు ఇచ్చేది అద్దెకు మాత్రమే, లేట్ ఫీజు, లాయర్ ఫీజు అందులో కలపడానికి వీల్లేదు. ఇది 2019 జూన్‌లో వచ్చిన అద్దెదారుల చట్టంతో పక్కా అయింది. కాబట్టి సాయం కోసం ఇచ్చే లెడ్జర్‌లో శుద్ధంగా అద్దె ఒక్కటే ఉండాలి. ఫీజులు తీసేయమని మర్యాదగా అడగండి. తీసేస్తే డబ్బు త్వరగా వస్తుందని చెబితే చాలామంది ఒప్పుకుంటారు.

మూడో తేడా తేదీలది. పిటిషన్‌లో జూన్ దాకా లెక్క ఉంటుంది. మీ ఫైలు ఉద్యోగి చేతికి వచ్చేసరికి ఆగస్టు వస్తుంది. ఈలోగా జూలై, ఆగస్టు అద్దెలు కట్టారా, పేరుకున్నాయా? ఇంటర్వ్యూకు ముందు లెడ్జర్ మళ్లీ ఆ రోజు తేదీతో తీసుకోండి. దరఖాస్తు నడుస్తున్నప్పుడు కొత్త నెల అద్దె కడుతూ పోవడం మీకు ఎంత మంచి చేస్తుందో చెప్పలేను. పాతది కట్టలేకపోయారు, కొత్తది కడుతున్నారు అంటే మూడో ప్రశ్నకు అదే జవాబు.

ఇక పేర్లు. మన తెలుగు పేర్లతో ఇది పెద్ద తలనొప్పి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, లీజులో వెనక. సోషల్ సెక్యూరిటీ నంబర్ (ఎస్‌ఎస్‌ఎన్) కార్డులో పేరు రెండు ముక్కలు, పే స్టబ్బులో ఒక్కటే ముక్క. కొందరికి మొదటి పేరు దగ్గర ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని ఉంటుంది. లీజులో ఓనర్ పిలుపు పేరు రాసేసుకున్నారు. ఇవన్నీ ఒకే మనిషివని తెలిసేలా చిన్న వివరణ ఉత్తరం రాసి, అన్ని ఐడీల కాపీలతో కలిపి పెట్టండి. దరఖాస్తులో మాత్రం ఎస్‌ఎస్‌ఎన్ కార్డులో ఉన్నట్టే పేరు రాయండి.

లీజులో మీ పేరే లేకపోతే? ముగ్గురు నలుగురు కలిసి ఉండే ఇళ్లలో ఇది మామూలే. అప్పుడు లీజు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి నుంచి, మీరు ఎప్పటి నుంచి ఉంటున్నారు, మీ వాటా ఎంత అని రాసిచ్చిన కాగితం కావాలి. హెచ్‌ఆర్‌ఏ దగ్గర దీనికి ప్రత్యేక ఫారమే ఉంది, అడిగి తీసుకోండి.

దరఖాస్తు పెట్టడం

‘యాక్సెస్ హెచ్‌ఆర్‌ఏ’ అనే వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి క్యాష్ అసిస్టెన్స్ దరఖాస్తు మొదలుపెట్టాలి. అందులో మీకు కావాల్సింది నెలనెలా సాయం కాదు, ఒక్కసారి ఇచ్చే అత్యవసర సాయం మాత్రమే అని ఎంచుకోవాలి. ఇప్పటికే క్యాష్ అసిస్టెన్స్ తీసుకుంటున్నవాళ్లయితే కొత్త దరఖాస్తు పెట్టరు, అదే ఖాతాలో ‘స్పెషల్ గ్రాంట్’ అడుగుతారు. ఇంటర్నెట్‌తో ఇబ్బందిగా ఉంటే దగ్గర్లోని బెనిఫిట్స్ యాక్సెస్ సెంటర్‌కు నేరుగా వెళ్లవచ్చు. హెచ్‌ఆర్‌ఏ ఫోన్ నంబర్ 718-557-1399.

తెలుగు గురించి ఒక మాట. సిటీ చట్టం ప్రకారం ఫారాలు తర్జుమా చేసే పది భాషల్లో తెలుగు లేదు. కానీ ఫోన్‌లో దుభాషిని ఇవ్వడం వాళ్ల బాధ్యత, అదీ ఉచితంగా. ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్’ అనండి. అమ్మానాన్నల తరఫున స్కూలుకెళ్లే పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడించకండి. అద్దె లెక్కల మాటలు పిల్లలకు తెలియవు, ఇంటి కష్టం మొత్తం వాళ్ల నోటితో చెప్పించడం వాళ్లకీ మంచిది కాదు. కోర్టులోనూ దుభాషిని అడిగి తీసుకోవచ్చు.

జత చేయాల్సినవి: ఇంట్లో అందరి ఐడీలు, ఎస్‌ఎస్‌ఎన్‌లు, ఇమ్మిగ్రేషన్ కాగితాలు, లీజు, లెడ్జర్, రెంట్ డిమాండ్ లేదా కోర్టు కాగితాలు, ఇటీవలి పే స్టబ్బులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కరెంటు బిల్లు, బకాయికి కారణం చూపే కాగితం. ఉద్యోగం పోతే తొలగించిన ఉత్తరం, జబ్బయితే ఆసుపత్రి కాగితాలు, ఇంట్లో ఎవరైనా పోతే అంత్యక్రియల బిల్లు లేదా మరణ ధ్రువపత్రం. ఇండియాలో తండ్రి అంత్యక్రియలకు వెళ్లి టికెట్లకు డబ్బంతా అయిపోతే ఆ టికెట్లు, ఇండియాలో ఇచ్చిన ధ్రువపత్రం ఇంగ్లిష్ తర్జుమాతో పెట్టండి.

యాప్‌లో ఫోటోలు తీసి ఎక్కించేటప్పుడు తొందర వద్దు. వెలుతురు సమానంగా పడే చోట కాగితం బల్ల మీద పరిచి, నాలుగు మూలలూ కనిపించేలా తీయండి. బ్యాంకు స్టేట్‌మెంట్ ఐదు పేజీలుంటే ఐదూ పెట్టండి, చివరిది ఖాళీ పేజీ అయినా సరే. పేజీ లేకపోతే ఏదో దాచారనుకుంటారు. ఎక్కించిన ప్రతిసారీ వచ్చే కన్ఫర్మేషన్ స్క్రీన్‌షాట్ తీసి ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి.

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పెద్ద మొత్తాలు అటూ ఇటూ వెళ్లి ఉంటే ముందే వివరణ సిద్ధం చేసుకోండి. అద్దె ఆగిన నెలలోనే ఇండియాకు 1,500 డాలర్లు పంపినట్టు కనిపిస్తే తప్పకుండా అడుగుతారు. అమ్మ ఆపరేషన్‌కు పంపారా? ఆసుపత్రి బిల్లు జత చేయండి. అప్పు తీర్చారా? నిజం చెప్పండి. దాచడం వల్ల మంచి కేసు కూడా పాడవుతుంది.

ఇంటర్వ్యూ సాధారణంగా ఫోన్‌లోనే జరుగుతుంది. తెలియని నంబర్ల నుంచి కాల్ వస్తే స్పామ్ అనుకుని కట్ చేసే అలవాటు ఆ కొన్ని రోజులు మానుకోండి, వాయిస్ మెయిల్ నిండిపోయి ఉంటే ఖాళీ చేయండి. ఇంటర్వ్యూ తప్పిపోతే ఆ కారణంతోనే తిరస్కరిస్తారు. మాట్లాడిన ఉద్యోగి పేరు, తేదీ, ఇంకా ఏం కావాలన్నారో రాసిపెట్టుకోండి.

ఇంటి ఓనర్లకు

మీకు రావాల్సిన డబ్బు రాకపోతే కోపం రావడం సహజమే. అయినా సిటీ సాయం మీకు నష్టం కాదు. కోర్టు, మార్షల్, ఖాళీ ఇల్లు, కొత్త అద్దెదారు కోసం వెతుకులాట, వీటన్నిటి కంటే ఒక సంతకం చవక.

మీ నుంచి కావాల్సినవి: డబ్ల్యూ-9 ఫారం (మీ పేరు, ట్యాక్స్ నంబర్ తెలిపేది), మీరే యజమాని అని చూపే డీడ్ లేదా ఆస్తి పన్ను బిల్లు, సంతకం చేసిన లెడ్జర్, లీజు కాపీ. ఇల్లు ఎల్‌ఎల్‌సీ (కంపెనీ) పేరు మీద ఉండి, లీజు మీ సొంత పేరు మీద ఉంటే చెక్కు ఎవరి పేరున రాయాలో తేలక ఆగిపోతుంది. డబ్ల్యూ-9 మీద పేరు, డీడ్ మీద పేరు ఒకటే అయ్యేలా చూసుకోండి. లీజు వేరే పేరున ఉంటే రెండింటి సంబంధం చెబుతూ ఒక ఉత్తరం ఇవ్వండి. మేనేజర్ పేరున అద్దె తీసుకుంటుంటే ఆయనకు అధికారం ఇచ్చిన కాగితం కూడా పెట్టండి. ఇలా వచ్చిన డబ్బు మీకు అద్దె ఆదాయమే, ట్యాక్స్‌లో చూపాలి.

‘గవర్నమెంట్ చెక్కు నాకొద్దు’ అనకండి. న్యూయార్క్ సిటీ మానవ హక్కుల చట్టం కింద, డబ్బు ప్రభుత్వ సాయం నుంచి వస్తోందన్న కారణంతో అద్దెదారు పట్ల వివక్ష చూపడం నేరారోపణకు దారి తీయకపోయినా ఫిర్యాదుకు, జరిమానాకు దారి తీస్తుంది. కేసు వేశాక కూడా, విచారణకు ముందు బాకీ మొత్తం ఇస్తే మీరు తీసుకోవాల్సిందే, కేసు అంతటితో ముగుస్తుంది.

మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఇళ్లున్న బిల్డింగ్ అయితే ఏటా సిటీ గృహ విభాగమైన హెచ్‌పీడీ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఒకటి రెండు ఇళ్లున్నదైనా అందులో మీరుగానీ మీ కుటుంబంగానీ ఉండకపోతే అదే నియమం. రిజిస్ట్రేషన్ లేకుండా బకాయి కోసం కోర్టుకు వెళితే కేసు నిలవదు. క్వీన్స్‌లో ఇల్లు కొని అద్దెకిచ్చి టెక్సస్‌కో ఇంకెక్కడికో వెళ్లిపోయిన మనవాళ్లకు ఇది గుర్తుండదు, చూసుకోండి. కాగితాలన్నీ ఇచ్చాక చెక్కు ఆలస్యమైతే హెచ్‌ఆర్‌ఏలో ఓనర్ల సమస్యలు చూడటానికే ల్యాండ్‌లార్డ్ ఆంబుడ్స్‌మన్ విభాగం ఉంది. అద్దెదారుతో గొడవ పడకుండా అక్కడ అడగండి.

కోర్టు తేదీ వచ్చేస్తే

దరఖాస్తు ఇంకా నడుస్తుండగానే కోర్టు తేదీ రావచ్చు. తప్పకుండా వెళ్లండి. న్యూయార్క్ 2017లో దేశంలోనే మొదటిసారి అద్దెదారులకు ఉచిత లాయర్ హక్కు ఇచ్చింది. ఆదాయం ఫెడరల్ పేదరిక స్థాయికి రెండింతల లోపు ఉన్నవాళ్లకు పూర్తిగా కేసు వాదిస్తారు. 2025 లెక్కలో నలుగురున్న ఇంటికి అది ఏడాదికి 64,300 డాలర్లు. ఇమ్మిగ్రేషన్ స్టేటస్ అడ్డు కాదు. అయితే 2022 నుంచి కేసులు పెరిగి లాయర్లు చాలక, హక్కు ఉన్నా లాయర్ దొరకనివాళ్లు ఉన్నారు. అందుకే కోర్టు తేదీ దాకా ఆగకుండా 311కు ఫోన్ చేసి ‘టెనెంట్ హెల్ప్‌లైన్’ అడగండి.

లాయర్ దొరక్కపోతే జడ్జితో సమయం కావాలని అడగండి. మొదటిసారి అడిగితే కనీసం 14 రోజులు ఇవ్వాలని చట్టంలో ఉంది. వన్ షాట్ దరఖాస్తు పెట్టిన కన్ఫర్మేషన్ చూపండి. కోర్టు బిల్డింగ్‌లోనే హెచ్‌ఆర్‌ఏ ఉద్యోగులు ఉంటారు, వాళ్లను కలిసి ఫైలు ఎక్కడుందో కనుక్కోండి. హాల్లో ఓనర్ లాయర్ వచ్చి ‘ఇక్కడ సంతకం పెట్టండి, అయిపోతుంది’ అంటూ స్టిప్యులేషన్ (రాజీ ఒప్పందం) కాగితం ఇస్తే చదవకుండా సంతకం పెట్టకండి. అది కోర్టు ఉత్తర్వుతో సమానం. సిటీ చెక్కు రావడానికి పట్టే సమయం అందులో రాయించుకోవాలి. పది రోజుల్లో మొత్తం కడతానని ఒప్పుకుని తర్వాత చిక్కుకుపోయినవాళ్లు ఎందరో.

మార్షల్ నోటీసు వచ్చినా దారి మూసుకుపోలేదు. క్లర్క్ దగ్గర ‘ఆర్డర్ టు షో కాజ్’ అనే అత్యవసర అభ్యర్థన పెట్టి ఆపమని అడగవచ్చు. ఖాళీ చేయించకముందే బాకీ మొత్తం కట్టినా, కోర్టులో జమ చేసినా, మీరు దురుద్దేశంతో డబ్బు ఆపారని ఓనర్ నిరూపించలేకపోతే ఖాళీ చేయించమని ఇచ్చిన వారెంట్‌ను జడ్జి రద్దు చేయాలి.

సిటీ మొత్తం ఇవ్వకపోతే

బాకీ 9,000 అనుకుందాం. సిటీ 6,500 ఇస్తామంటుంది, మిగతాది మీరు చూపించమంటుంది. ఆ 2,500 ఎక్కడిదో తేలేదాకా 6,500 కూడా విడుదల కాకపోవచ్చు. ఇలాంటప్పుడు క్యాథలిక్ చారిటీస్, కోయలిషన్ ఫర్ ది హోమ్‌లెస్ లాంటి సంస్థలను అడగండి. కొన్ని సంస్థలు సిటీ నిర్ణయం రాసిన ఉత్తరం చూశాకే ఇస్తాయి. అవి నేరుగా ఓనర్‌కు ఇస్తామని రాసే ప్లెడ్జ్ లెటర్‌ను హెచ్‌ఆర్‌ఏ ఫైలులో జత చేయండి. దాంతోపాటు మీ బరోలోని ‘హోమ్‌బేస్’ ఆఫీసుకు వెళ్లండి. సిటీ డబ్బుతో నాన్ ప్రాఫిట్ సంస్థలు నడిపే ఈ ఆఫీసులు ఇల్లు లేనివాళ్లుండే షెల్టర్‌కు వెళ్లే పరిస్థితి రాకుండా చూడటానికే ఉన్నాయి. హెచ్‌ఆర్‌ఏతో మాట్లాడటంలోనూ సాయపడతాయి. హెచ్-1బీ మీద ఉండి వన్ షాట్ రానివాళ్లు ముందు వీటిని, తెలుగు సంఘాలను, గుడి ట్రస్టులను అడగాలి. సంఘాల వాళ్లను అడిగేటప్పుడు కూడా లెడ్జర్, నోటీసు చూపించి ఓనర్ పేరునే చెక్కు ఇవ్వమనండి. ఇచ్చేవాళ్లకూ నమ్మకం, మీకూ మాట పడాల్సిన పని ఉండదు.

జవాబు వచ్చాక

మంజూరైతే రీపేమెంట్ ఒప్పందం ఇస్తారేమో చూడండి. ఎంత, ఎన్ని నెలల్లో తిరిగి కట్టాలో చదివి, ఆ మొత్తం మీ నెల ఖర్చులో పట్టేలా ఉంటేనే సంతకం పెట్టండి, పట్టకపోతే అప్పుడే చెప్పండి.

తిరస్కరిస్తే ఉత్తరంలో కారణం రాసి ఉంటుంది. కాగితం తక్కువై తిరస్కరిస్తే అది సరిచేసి వెంటనే మళ్లీ పెట్టుకోవచ్చు. నిర్ణయమే తప్పనిపిస్తే ఆ ఉత్తరం తేదీ నుంచి 60 రోజుల్లోపు రాష్ట్రం దగ్గర ‘ఫెయిర్ హియరింగ్’ (అప్పీలు విచారణ) అడగాలి. దాని నంబర్ 800-342-3334, దానికీ ఫీజు లేదు, అక్కడా తెలుగు దుభాషిని అడగవచ్చు. ఇల్లు పోయే ప్రమాదం ఉంది, త్వరగా పెట్టండి అని మొదటి ఫోన్‌లోనే చెప్పండి. రెండూ ఒకేసారి చేయవచ్చు, ఒకదాని కోసం ఇంకోటి ఆపక్కర్లేదు.

చెక్కు వెళ్లాక ఓనర్‌కు ఫోన్ చేసి అందిందో లేదో కనుక్కోండి. అందితే కొత్త లెడ్జర్ అడగండి, అందులో బాకీ సున్నా అని కనిపించాలి. కోర్టు కేసు ఉంటే, దాన్ని ముగించినట్టు ఓనర్ లాయర్ కోర్టులో వేసిన కాగితం కాపీ కూడా తీసుకోండి. అది లేకపోతే డబ్బు కట్టేసినా రికార్డులో కేసు తెరిచే ఉంటుంది, రేపు ఇంకో ఇల్లు వెతుక్కునేటప్పుడు అడిగేది దాని గురించే.